చిట్టా మార్చునపుడు చేసినవారి పేరు

నేడు సాఫ్ట్‌వేరు కొలువున నున్న కొడుకో, కూతురో, కోడలో, అల్లుడో లేని బంధువర్గము మన పట్టణములందు అరుదు. "ఈ శని ఆదివారాలు మాకు మైగ్రేషను, రావడానికి వీలుపడదు" అను మాట వారి నోట తఱచుగా వినుచుందుము. అది విని మనలో ననేకులు ఏవో యంత్రములను ఒక గదినుండి మఱియొక గదికి మోయుదురు కాబోలునని తలంతురు. మైగ్రేషనులు పలు విధములు. వానిలో నొకదానిని గూర్చి, అనగా కోడు వ్రాయు బృందము తన కోడు చిట్టాను పాత పద్ధతినుండి క్రొత్త పద్ధతికి మార్చుకొనుటను గూర్చి, ఇచ్చట ముచ్చటింపదలచితిమి. ఇది కేవలము యంత్రశాస్త్రమునకు జెందిన విషయము కాదు. పని ఎవరు చేసిరి, పేరు ఎవరిది నిలిచెను అను ప్రశ్న దీనిలో గలదు. ఆ ప్రశ్న గృహిణులకు క్రొత్తది గాదు.

మన పెద్దలు లెక్కలకు చిట్టా యనియు, ఆవర్జా యనియు రెండు పుస్తకములు ఉంచెడివారు. ఏ రోజు రాబడి వ్యయములు ఆ రోజున వరుసగా చిట్టాలో వ్రాసి, పిదప పద్దుల వారిగా ఆవర్జాకు ఎక్కించెడివారు. ఆవర్జా చూచిన నేటి నిలువ తెలియును. ఆ నిలువ యెట్లేర్పడెనో తెలియవలెనన్న చిట్టా విప్పక తప్పదు. కోడు సంగతియు నట్టిదే. నేడు పనిచేయుచున్న కోడు ఆవర్జా వంటిది. నిన్న మొన్నటి నుండి దానిలో నెవరెవరు ఏయే పంక్తులు చేర్చిరో, ఏవి కొట్టివేసిరో, ఎప్పుడు చేసిరో, ఎందులకు చేసిరో తెలుపునది చిట్టా. ఈ చిట్టా వ్రాయు పద్ధతికే వెర్షన్ కంట్రోల్ అని పేరు. అందలి ఒక్కొక్క పద్దును కమిట్ అందురు. పద్దులన్నియు నుండు భాండారమును రిపాజిటరీ యందురు.

పదిమంది ఒకే కోడుపై పనిచేయునపుడు ఈ చిట్టా లేనిచో ఒకరు వ్రాసినది మఱియొకరు తుడిచివేయుదురు. చిట్టా యున్నచో నిన్నటి తప్పును నేడు కనుగొని మొన్నటి స్థితికి మరలవచ్చును. ఇద్దఱు వేర్వేఱుగా కొమ్మలు పెంచి పిమ్మట రెంటిని కలుపవచ్చును. ఆ కొమ్మలనే బ్రాంచి లందురు. కావ్యముల పాఠాంతరములను సరిచూచు పండితులకు ఈ పని వెంటనే యర్థమగును. కడపలో బ్రౌను దొరగారు పండితులను, వ్రాయసకాండ్రను నియమించి, ఒక్కొక్క గ్రంథమునకు పలు తాళపత్ర ప్రతులు తెప్పించి, పాఠములు సరిపోల్చి, కాగితమునకెక్కించిన యుదంతము మనకు దెలిసినదే. అచ్చట ఆకునుండి కాగితమునకు మారుట. ఇచ్చట ఒక చిట్టా పద్ధతినుండి మఱియొక చిట్టా పద్ధతికి మారుట. రెంటి యందును మూలము చెడకుండుటయే ముఖ్యము.

ఈ పద్ధతులు యాబది యేండ్లుగా మారుచునే యున్నవి. 1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మార్క్ రాచ్‌కైండ్ అను నతడు ఎస్.సి.సి.ఎస్. అను పద్ధతిని నిర్మించెను. 1982లో వాల్టర్ టిషీ అను పండితుడు ఆర్.సి.ఎస్. అను దానిని ప్రకటించెను. 1986 మొదలుకొని సి.వి.ఎస్. వ్యాప్తి కెక్కెను. దాని లోపములను సవరించుటకై 2000 సంవత్సరమున సబ్‌వెర్షన్ అను పద్ధతికి పూనుకొనిరి. 2005లో గిట్ పుట్టెను. నేడు లోకమున మిక్కిలి వాడుకలో నున్నది గిట్టే. పద్ధతి మారినప్పుడెల్ల పాత చిట్టాలను క్రొత్త చిట్టాలోనికి ఎక్కింపవలసి వచ్చుచున్నది.

సబ్‌వెర్షన్‌లో చిట్టా యంతయు ఒక్క సర్వరులో నుండును. పనివారలు దానినుండి నేటి ప్రతిని మాత్రము తెచ్చుకొందురు. సర్వరు అందనిచో పద్దు వ్రాయుటకు వీలులేదు. గిట్‌లో ప్రతివారి యంత్రమునందును మొదటినుండి నేటివరకు గల చిట్టా యంతయు నుండును. రైలులో గూర్చుండియు పద్దులు వ్రాసికొని, ఊరు చేరిన తర్వాత అందఱితో కలుపుకొనవచ్చును. కొమ్మలు పెంచుట, కలుపుట సులువు. అందువలన బృందములు దానికి మారుచున్నవి. ఇక మారుట యెట్లు? దీనికి లోకప్రసిద్ధములైన మూడు బృందముల నడత చూతము.

మొదటిది లినక్స్. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీనిని ఆరంభించెను. నేడు చేతిలోని ఆండ్రాయిడు ఫోనులందును, లోకమునందలి పెక్కు సర్వరులందును నడచుచున్నది ఇదియే. పదియేండ్లకు పైగా దీనికి చిట్టా పద్ధతి యేదియు లేకుండెను. సవరణలను ఉత్తరముల ద్వారా పంపుచుండిరి. 2002లో బిట్‌కీపర్ అను పద్ధతిని చేపట్టిరి. అది ఒక వర్తక సంస్థకు జెందినది. లినక్స్ వారికి వెల లేకుండ వాడుకొన ననుజ్ఞ యిచ్చిరి. 2005 ఏప్రిల్‌లో వివాదము పుట్టి ఆ యనుజ్ఞ తొలగెను. పరుల యింట నిలువయుంచిన ధాన్యము వంటిదాయెను. అంతట టోర్వాల్డ్స్ తానే గిట్‌ను వ్రాయ బూనెను. ఏప్రిల్ 7వ తేదీకే గిట్ తన చిట్టాను తానే వ్రాసికొన గలిగెను. ఏప్రిల్ 16వ తేదీన లినక్స్ కోడు దానిలోని కెక్కెను. అదే సంవత్సరము జూలైలో గిట్ సంరక్షణభారమును జూనియో హమానో అను నతని కప్పగించెను.

అయితే ఏప్రిల్ 16న వ్రాసిన ఆ మొదటి పద్దులో నాటి కోడు మాత్రమే చేర్చిరి. అంతకు ముందరి చరిత్ర చేత నున్నను చేర్పలేదు. దానిని గిట్‌లోని కెక్కించిన 3.2 గిగాబైట్ల చోటు పట్టుననియు, అప్పుడే పుట్టిన పద్ధతికి అంత బరువు మోపుట మంచిది కాదనియు, కావలసినచో తరువాత వేఱుగా చేసికొనవచ్చుననియు టోర్వాల్డ్స్ ఆ పద్దులోనే తెలిపెను. ఆపదలో నిల్లు వదలువారు సామానులన్నియు మూటగట్టలేరు గదా! ఫలిత మేమనగా, నేటికిని లినక్స్‌లోని ఒక పాత పంక్తిని జూపి దీనిని వ్రాసినవారెవరని గిట్‌ను ప్రశ్నించిన, అది 2005 ఏప్రిల్ 16 వద్ద ఆగి, టోర్వాల్డ్స్ పేరు చెప్పును. నిజమునకు ఆ పంక్తులు పలుదేశముల వారు పలుసంవత్సరములు వ్రాసినవి. పాత చరిత్రను ఇతరులు తరువాత వేఱొక భాండారముగా గూర్చిరి. కోరినవారు తమ యంత్రమున రెంటిని అతికించి చూచుకొనవచ్చును. కాని అతికింపని వారికి అందఱి పనియు ఒక్కరి పేరనే కనిపించును.

రెండవది పైథాన్ భాష. ఆమ్‌స్టర్‌డామ్ నగరములోని పరిశోధనాలయమున గైడో వాన్ రోసమ్ దీనిని ఆరంభించెను. దీని చిట్టా 2005లో సి.వి.ఎస్. నుండి సబ్‌వెర్షన్‌కును, 2011లో సబ్‌వెర్షన్ నుండి మెర్క్యూరియల్ అను పద్ధతికిని, 2017 ఫిబ్రవరి 10వ తేదీన గిట్‌కును మారెను. పండ్రెండేండ్లలో మూడిండ్లు మారినను, 1990 ఆగస్టు నాటి పద్దులు నేటికిని అందు గానవచ్చుచున్నవి. ప్రతి మార్పునందును చరిత్రను వెంట దీసికొని పోయిరి. వారికి తొందర లేదు. గిట్‌కు మారుటకు 2016 ఆరంభముననే నిశ్చయించుకొని, ఏడాదికి పైగా సిద్ధపడిరి.

మూడవది జి.సి.సి. మనుష్యులు వ్రాసిన కోడును యంత్రమున కర్థమగునట్లు మార్చు కంపైలరు ఇది. రిచర్డ్ స్టాల్‌మన్ దీని మొదటి ప్రతిని 1987లో వెలువరించెను. 2005లో ఇది సబ్‌వెర్షన్‌కు మారెను. 2020 జనవరి 11, 12 తేదీల శని ఆదివారములలో గిట్‌కు మారెను. అప్పటికి పద్దులు రెండు లక్షల యెనుబది వేలకు పైబడినవి. ఈ మార్పుకై ఎరిక్ రేమండ్ తాను వ్రాసిన రిపోసర్జన్ అను సాధనమును వాడెను. చిట్టాలకు శస్త్రచికిత్స చేయునదని దాని పేరున కర్థము. అంత పెద్ద చరిత్రను మోయలేక ఆ సాధనము నెమ్మదింపగా, దానినే మఱియొక భాషలో తిరిగి వ్రాసిరి. జోసెఫ్ మయర్స్, రిచర్డ్ ఎర్న్‌షా మున్నగువారు తోడ్పడిరి. వేఱొక సాధనముతో మఱియొకరు సిద్ధపఱచిన ప్రతియు నుండగా, రెంటిని సరిపోల్చి చూచిరి. రెండు ప్రతులు సరిచూచు పండితుని పద్ధతియే యిది.

జి.సి.సి. వారు చేసిన ఒక పని మాకు మిక్కిలి నచ్చినది. సబ్‌వెర్షన్‌లో ఒక్కొక్క పద్దునకు ఒక్క పేరు మాత్రమే యుండును. అది భాండారమున పద్దు నెక్కించినవారి పేరు. భాండారపు తాళము అందఱికి నీయరు. తాళము లేనివారు తాము వ్రాసిన సవరణను తాళమున్నవారికి పంపుదురు, వారు ఎక్కింతురు. అప్పుడు చిట్టాలో తాళమున్నవారి పేరే పడును. వండినవారు ఒకరు, వడ్డించినవారు ఒకరు, భోక్తలు మెచ్చుకొనునది వడ్డించినవారినే యన్నట్లాయెను. గిట్‌లో అట్లు గాదు. వ్రాసినవారి పేరునకు ఒక స్థానమును, ఎక్కించినవారి పేరునకు వేఱొక స్థానమును గలవు. కాని పాత చిట్టాలో లేని పేరు క్రొత్త చిట్టాలోని కెట్లు వచ్చును?

జి.సి.సి. వారికి పూర్వమునుండి ఛేంజ్‌లాగ్ అను మఱియొక పుస్తకము వ్రాయు నలవాటుండెను. అందు తేదీ, సవరణ వ్రాసినవారి పేరు, ఉత్తరపు చిరునామా, మార్చిన భాగములు వరుసగా నుండును. రిపోసర్జన్ ఆ పుస్తకములను జదివి, పద్దులతో జతగూర్చి, వ్రాసినవారి పేర్లను వారి వారి స్థానములందు నిలిపెను. తాళపత్ర గ్రంథముల చివర వ్రాయసకాండ్రు తమ పేరును, సంవత్సరమును, తిథివారములను వ్రాసికొనుట మనమెఱుగుదుము. ఆ చివరి నాలుగు పంక్తులను ఉపేక్షించిన ప్రతిలో కావ్యము మిగులును గాని వ్రాసిన చేయి మాసిపోవును. జి.సి.సి. వారు ఆ చేతులను మాయనీయలేదు.

ఈ దిద్దుబాటుకు ముహూర్త మొక్కటే. గిట్‌లో ప్రతి పద్దునకు 40 అంకెల, అక్షరముల గుఱుతు గలదు. ఆ గుఱుతు పద్దులోని విషయమునుండియు, దానికి ముందరి పద్దు గుఱుతునుండియు గణింపబడును. కావున పాత పద్దులో ఒక్క యక్షరము మార్చినను దాని గుఱుతు మారును. దాని వెనుకటి పద్దులన్నిటి గుఱుతులును మారును. హారములో నడుమ పూస మార్చుటకు దారము త్రెంచి చివరివరకు మరల గ్రుచ్చవలసినట్లే. తరలింపునకు ముందు దిద్దుట సులభము. పదిమంది తమ తమ యంత్రములకు క్రొత్త చిట్టాను దీసికొన్న పిమ్మట దిద్దబోయిన అందఱి పనియు చిక్కుపడును. పేరు వ్రాయుటలోని చిన్న తప్పులను చూపునపుడు సవరించు నుపాయము గిట్‌లో గలదు గాని, ఒకరి పేరున గలిసిపోయిన పలువురి పనిని విడదీయుట దానికి సాధ్యము గాదు.

మా చెల్లెలి కుమార్తె హైదరాబాదులో అంగళ్ల లెక్కలకు సాఫ్ట్‌వేరు చేయు నొక సంస్థలో పనిచేయుచున్నది. అచ్చట సబ్‌వెర్షన్ నుండి గిట్‌కు మారునపుడు పేర్ల పట్టిక తయారుచేయు పని ఆమెకు బడెను. పాత చిట్టాలో పొట్టి పేర్లు మాత్రమే యుండును. వానికి ఎదురుగా నిండు పేరును, చిరునామాను వ్రాసి సాధనమున కీయవలయును. పనిచేయుచుండగా ఆమెకొక వింత కనబడెను. పన్ను గణించు భాగములోని పద్దులు పెక్కు నాటి బృందనాయకుని పేరనే యున్నవి. కాని పద్దుల వివరణల చివర రెండక్షరములు వ్రాసియున్నవి. విచారింపగా అవి అప్పుడు కాంట్రాక్టుమీద పనిచేసి, సంతానము కలిగిన పిమ్మట మానివేసిన ఒకామె పేరు గుఱుతులని తేలెను. ఆమెకు భాండారపు తాళ మీయలేదు. ఆమె వ్రాసి పంపినది నాయకుడు ఎక్కించెను. ఆ రెండక్షరములు చేర్చిన మంచితనము మాత్ర మాతనిదే.

ఆ పద్దులను ఆమె పేరనే వ్రాయవలెనని మా యమ్మాయి కోరగా, "పని నడుస్తోంది కదా, పేరెందుకమ్మా? ఒక రోజు వృథా" అని పైవారనిరి. ఈ సంగతి చెప్పుచు, "పెద్దమ్మా, ఆమె పేరు ఇప్పుడు పెట్టకపోతే ఇంకెప్పటికీ పెట్టలేం. అందుకే పట్టుబట్టాను" అని మాతో ననెను. ఎట్టకేల కొకరోజు గడువిచ్చిరి. వివరణల చివరి యక్షరములను జదివి పేరు మార్చు చిన్న కోడు వ్రాసి, ఒక్కొక్క పద్దును కంటితో సరిచూచి, ఆమె పేరు నిలిపినది.

కొన్ని నెలలకు, కొనినవారు తిరిగి యిచ్చిన సరకుపై పన్ను లెక్కించుటలో పైసల తేడా వచ్చుచున్నదని ఫిర్యాదు వచ్చెను. ఆ పంక్తి యట్లేల యున్నదో యెవరికిని దెలియదు. మార్చిన మఱియొకచోట చెడునేమోనని వెఱపు. గిట్‌ను అడుగగా ఆమె పేరు వచ్చెను. ఆమె ఇప్పుడు రాజమహేంద్రవరమున బిడ్డలను బెంచుకొనుచున్నది. టెలిఫోనులో అడిగినంతనే, ఏ యంగడివారి బిల్లు పద్ధతికొఱకు అట్లు వ్రాయవలసివచ్చెనో, ఇప్పుడేది మార్చవచ్చునో, ఏది మార్చరాదో విడమఱచి చెప్పెను. చేసినవారి పేరు నిలుపుట న్యాయము మాత్రమే కాదు, ప్రయోజనమును గలది. కారణము ఎఱిగిన మనిషి వద్దకు దారి చూపునది పేరే.

పంక్తి వ్రాసినవారెవరని యడుగు నాజ్ఞకు ఆ పద్ధతులందు బ్లేమ్ అని పేరు. నింద యని దాని యర్థము. తప్పు దొరికినప్పుడే పేరు వెదకు లోకరీతి ఆ మాటలో దాగియున్నది. కాని సబ్‌వెర్షన్‌ను నిర్మించినవారు అదే పనికి ప్రెయిజ్ అను రెండవ పేరును బెట్టిరి. ప్రశంస యని దాని యర్థము. ఏ పేరుతో బిలిచినను వచ్చు సమాధాన మొక్కటే. అలంకారశాస్త్రము చదివినవారికి నిందాస్తుతి జ్ఞప్తికి రాకమానదు. కూర చెడినప్పుడు మాత్రము వండిన దెవరని యడుగు నిండ్లలో పెరిగిన మనకు ఈ రెండు పేర్ల తారతమ్యము వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇక ఈ పని తలపెట్టు మన బిడ్డలు పాటింపవలసిన క్రమమును తెలిసినంత చెప్పుచున్నాము. మొదట పాత భాండారమునకు నకలు దీసి, ఆ నకలుమీదనే తరలింపును పలుమారులు పరీక్షింపవలెను. పేర్ల పట్టికను యంత్రమునకు వదలక, పాతవారి నడిగి పూరింపవలెను. సి.వి.ఎస్. నాటి చరిత్ర యున్నచో మఱింత జాగ్రత్త వలయును. ఆ పద్ధతిలో ఏ ఫైలు చరిత్ర దానికే వేఱుగా నుండును. ఒకే మనిషి, ఒకే వివరణతో, దగ్గఱ దగ్గఱ గడియలలో మార్చిన ఫైళ్లన్నియు ఒకే పద్దు కాబోలునని సాధనము ఊహించి జతగూర్చును. ఊహ యెల్లవేళల నిజము గాదు.

చిట్టాలో ఎన్నడో ఎవరో మఱచి వ్రాసిన పాస్‌వర్డులుండును. గిట్‌లో చరిత్ర అందఱి చేతులకు బోవును గనుక వానిని ముందే తొలగింపవలెను. తొలగించుటతో సరిపుచ్చక ఆ పాస్‌వర్డులనే మార్చివేయవలెను. తాళపుచెవి పరులు చూచినయెడల తాళమే మార్చుట క్షేమము గదా! పెద్ద బొమ్మలు, వీడియోలు వంటి బరువైన ఫైళ్లను వేఱుచోట నుంచుట మేలు. లేనిచో ప్రతివారును ఆ బరువును మోయవలసివచ్చును.

సబ్‌వెర్షన్‌లో పద్దులకు వరుస సంఖ్యలుండును. పాత ఫిర్యాదులందు, ఉత్తరములందు ఆ సంఖ్యలే వ్రాసియుందురు. గిట్‌లో అవి యుండవు. అందుచేత పాత సంఖ్యకు క్రొత్త గుఱుతు చూపు ఏర్పాటు ఉండవలెను. జి.సి.సి. వారు ప్రతి పాత పద్దు వివరణ చివరను దాని సబ్‌వెర్షన్ సంఖ్యను నిలిపియుంచిరి. తరలింపు దినమున పాత భాండారమున క్రొత్త పద్దులు వ్రాయుట మాన్పించి, చదువుట కనుమతింపవలెను. వెలువరించిన ప్రతి ప్రతిని పాతదానినుండియు, క్రొత్తదానినుండియు దీసి, అక్షర మక్షరము సరిపోల్చవలెను. కోడును కూర్చి పరీక్షించు యంత్రములను, ఫిర్యాదుల పుస్తకమును క్రొత్త భాండారమునకు త్రిప్పవలెను. అందఱికి క్రొత్త పద్ధతి నేర్పిన పిమ్మటనే ముహూర్తము నిశ్చయింపవలెను. అంతయు ముగిసినను పాత భాండారమును పాఱవేయరాదు. శుద్ధప్రతి సిద్ధమైనదని తాళపత్రములను ఏట గలిపిన యిండ్లలో, ఇప్పుడు సందేహము వచ్చిన విప్పి చూచుకొనుటకు మూలమే లేదు.

ఇంత చెప్పినను, చరిత్ర నంతయు మోయుటయే యెల్లప్పుడును ధర్మమని మా మతము కాదు. లినక్స్ వారికి ఆపద వచ్చెను; వారు కోడును గాపాడుకొని ముందునకు సాగిరి. పైగా వదలినదేదో, ఏల వదలితిమో మొదటి పద్దులోనే వ్రాసిరి. వదలునపుడు చెప్పి వదలుట ఒక మర్యాద. తొందర లేనప్పుడు, చరిత్ర చేత నున్నప్పుడు, ఒక్కరోజు శ్రమకు వెనుదీసి పదిమంది పనిని ఒక్కరి పద్దున వ్రాయుట మాత్రము తగదు.

సోదరీమణులారా! మన బిడ్డలు ఇట్టి పనిలో నున్నామని చెప్పినప్పుడు, ఎప్పుడు వచ్చెదరని మాత్రమే యడుగక, పేర్ల పట్టిక యెవరు వ్రాయుచున్నారని యడుగుడు. తాళము లేక పనిచేసినవారు మీ బృందమున నుండిరా, వారి పేర్లేమాయెనని యడుగుడు. కోడు వ్రాయుట రాకున్నను ఆ ప్రశ్న యడుగు నధికారము మనకు గలదు. తరతరముల పని యింటి పెద్ద పేరున జమపడుట చూచినవారము మనము. క్రొత్త చిట్టాలోనైనను వ్రాసిన చేతికి దాని స్థానము దానికి దక్కుగాక!